ఐన్ సల్వా నుంచి రాజధానికి గంట

ఐన్ సల్వా ఇక దూరపు ఊరు కాదని రవాణా మంత్రి జెల్లూల్ గారు గురువారం పొద్దున ప్రకటించారు. రాజధానికి రెండున్నర గంటలు పట్టే విమానం ఇకపై గంటలోనే చేరుతుంది. రన్‌వే పక్కన గుడారంలో కూర్చున్న మేమంతా చప్పట్లు కొట్టాం. పుదీనా టీ కూడా బాగుంది.

స్థానిక విలేకరిని కదా, అడిగాను. "కొత్త విమానం కొన్నారా సార్?"

"పాతదే."

"మరి స్పీడు?"

"అదీ పాతదే. మీ ఊరి గడియారాన్ని గంటన్నర ముందుకు జరిపాం. ఇక్కడ తొమ్మిదికి ఎక్కితే అక్కడ పదింటికి దిగుతారు. పైసా ఖర్చు లేదు!"

"తిరిగొచ్చేటప్పుడు నాలుగు గంటలు పడుతుంది కదా సార్?"

మంత్రిగారు నావైపు జాలిగా చూశారు. "ప్రగతికి వెనక్కి తిరగడం ఉండదయ్యా."

ఆ పూటే మా వీధి మబ్రూకా పెద్దమ్మకు ఊపిరి ఆడలేదు. కోడలు జొహ్రా ఆసుపత్రికి తీసుకెళ్ళి, రాజధానికి అంబులెన్సు విమానం కావాలంది.

"అది దూరపు ఊళ్ళకమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు హమ్దాన్. "మనం పొద్దుటి నుంచీ దగ్గరయ్యాం. రోడ్డు మీద తీసుకెళ్ళు."

"రోడ్డు కూడా దగ్గరయిందా డాక్టరుగారూ? ఇవాళ బయల్దేరితే రేపు కదా చేరేది!"

"రోడ్ల మంత్రి వేరమ్మా."

జొహ్రా ఏడవలేదు. అత్తగారిని స్ట్రెచర్‌తో సహా విమానాశ్రయానికి పట్టుకొచ్చింది. మంత్రిగారు కుస్‌కుస్ విందు ముగించి విమానం ఎక్కబోతున్నారు. "అయ్యా!" అంది టీవీ కెమెరాల ముందు నిలబడి. "గంట విమానంలో మొదటి ప్రయాణికురాలు మా అత్తమ్మే కావాలి. ఆవిడ జన్మ ధన్యమవుతుంది!"

మబ్రూకా ఏదో అనబోయింది గానీ ఊపిరి చాల్లేదు. మంత్రిగారు చలించిపోయారు. కెమెరా ఎటుందో చూసుకుని మరీ చలించారు. అది టీవీలో చూసిన డాక్టరు హమ్దాన్ ఆక్సిజన్ సిలిండర్‌నూ నర్సునూ పరుగున పంపించాడు. వార్త రాయాలి గనక టీవీ కెమెరామన్ పక్కన నాకూ ఒక సీటు దొరికింది.

గాల్లోకి లేచిన కాసేపటికి సిలిండర్ ముల్లు చూసి జొహ్రా ఉలిక్కిపడింది. "ఇదేమిటి, అప్పుడే సగానికి వచ్చింది?"

"గంటకే నింపారమ్మా," అన్నాడు నర్సు. "ప్రయాణం గంటే కదా."

జొహ్రా మంత్రి సీటు దగ్గరికి వెళ్ళింది. "విమానం దింపించండయ్యా. ఎక్కడైనా సరే!"

"మధ్యలో దిగితే గంటలో చేరినట్టెలా అవుతుందమ్మా?"

"మా అత్తమ్మ మీ పక్కనే పోతే టీవీలో ఏమవుతుంది?" ఆమె మంత్రిగారి కోటు గట్టిగా పట్టుకుంది. ఇక వదల్లేదు.

బిర్ ఖమీస్‌లో దిగాం. చమురు బావుల ఊరు. కంపెనీ డాక్టరు వెంటనే ఆక్సిజన్ పెట్టాడు. సాయంత్రానికి పెద్దమ్మ కళ్ళు తెరిచి ఖర్జూరాలు అడిగింది. అప్పుడు ఏడ్చింది జొహ్రా, గోడవైపు తిరిగి.

అంతకుముందు, దిగీ దిగగానే రన్‌వే మీద మంత్రిగారు కెమెరాకు వాచీ చూపించారు. "సరిగ్గా గంట!"

"ఇది రాజధాని కాదు కదా సార్," అన్నాడు కెమెరామన్.

మంత్రిగారు ఇసుక దిబ్బల వైపు చూస్తూ ఒక్క క్షణం ఆలోచించారు.

వారం తిరక్కుండానే బిర్ ఖమీస్ విమానాశ్రయానికి కొత్త బోర్డు కట్టారు: 'రాజధాని, దక్షిణ ద్వారం'. ఇప్పుడు మా విమానం రోజూ గంటలో అక్కడ దింపుతోంది. దిగినవాళ్ళకు అక్కణ్ణుంచి అసలు రాజధానికి బస్సు ఉచితం. రాత్రికి దుప్పటి కూడా ఇస్తున్నారు.