ఆఖరి శ్లాబు ఎప్పుడూ వచ్చే వారమే

పూర్తయిన భవనమంత దండగ వస్తువు ప్రపంచంలో ఇంకొకటి లేదు! నమ్మకపోతే సాంతియాగోలో మా వీధికి రండి. నా కిటికీ దగ్గర కుర్చీ వేస్తాను.

ఎదురుగా కనబడుతున్నదే ఉగార్తెగారి ఆఫీసు భవనం. రెండేళ్ల క్రితం పన్నెండు అంతస్తులని మొదలుపెట్టారు. ఇప్పుడు పద్దెనిమిది. ఈలోగా ప్లాను ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టబోతే నా వేళ్లు చాలలేదు. మీరు ముక్కున వేలేసుకుంటారు. నేను చప్పట్లు కొడతాను!

ఎందుకంటారా? పూర్తయిన భవనంలో ఏముంటుంది? జనం వస్తారు, లిఫ్టు ఎక్కుతారు, సాయంత్రం దాకా కుర్చీల్లో కూర్చుని ఇంటికి పోతారు. దాన్ని ఎవరైనా తలెత్తి చూస్తారా? మాది అలా కాదు. తెల్లారేసరికి వీధి వీధంతా కిటికీల్లో ఉంటుంది. ఇవాళ గుమ్మం ఎటు తిరిగిందో చూడాలి కదా!

మొదట తూర్పున ఉండేది. రెండో ప్లానులో పడమటికి వెళ్లింది. ఐదో ప్లానులో మళ్లీ తూర్పుకే వచ్చింది, కాకపోతే ఈసారి మొదటి అంతస్తులో. మెట్లు పడమరనే ఉండిపోయాయి. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు గుమ్మం వెతుక్కుంటూ చుట్టూ తిరిగి తిరిగి నాలుగు కిలోలు తగ్గాడు. డాక్టరు ఎనిమిదేళ్లుగా చెబుతున్నా తగ్గని మనిషి!

ఆరో అంతస్తులో మగవాళ్ల టాయిలెట్లు ఉండేవి. ఏడో ప్లానులో ఆ చోటు అద్దాల మీటింగు హాలైంది. గోడలు పోయాయి, కుళాయిలు మిగిలాయి. రేపు మీటింగులో ఎవరైనా మరీ ఎక్కువ మాట్లాడితే పక్కవాడు చెయ్యి చాచి కుళాయి తిప్పొచ్చు. ఏ పెద్ద కంపెనీకి ఉందండీ ఈ సౌకర్యం?

అయితే నేను మనసారా మెచ్చుకునేది పై అంతస్తు మార్పుల్ని.

ఇక్కడ మాకొక ఆచారం ఉంది. ఆఖరి శ్లాబు పడిన రోజున మేస్త్రీ అన్నిటికంటే ఎత్తున జెండా ఎగరేస్తాడు. జెండా ఎగిరిందా, యజమాని కట్టినవాళ్లందరికీ విందు పెట్టాలి. నిప్పుల మీద కాల్చిన మాంసం, రొట్టె, ఎర్ర వైను. దీన్నే తిహెరాలెస్ అంటాం. పెట్టని పిసినారి భవనం మీద జెండాకి బదులు ఎముక వేలాడుతుంది. ఊరంతా చూసి నవ్వుతుంది.

ఉగార్తెగారి మేధస్సుకి ఇక్కడ నమస్కరించాలి! ఆఖరి శ్లాబు శుక్రవారం అనుకుంటే గురువారం కొత్త ప్లాను దిగుతుంది. పన్నెండో అంతస్తు దగ్గర "ఇంకొకటి వేద్దాం" అన్నారు. పదమూడు అచ్చిరాదని పద్నాలుగు చేశారు. ఆపైన జిమ్. ఆపైన ధ్యానమందిరం. ఇలా ఎక్కి ఎక్కి చివరికి హెలిప్యాడ్. ఆయనకు హెలికాప్టర్ లేదు. ఎత్తంటే భయం కూడా.

ఆఖరి శ్లాబు లేదు కాబట్టి జెండా లేదు. జెండా లేదు కాబట్టి విందు లేదు. విందు ఎగ్గొట్టినట్టూ లేదు కాబట్టి ఎముకా లేదు! ఎంత గొప్ప డిజైను!

ఈ గొప్పతనం అర్థంకాని మనిషి ఒక్కడే, నిబాల్దో మేస్త్రీ. అరవై ఐదేళ్లు. జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నాడు కాబట్టి ఇదే ఆఖరి భవనం. ఇంతవరకు కట్టిన ముప్ఫై ఒక్క భవనాల మీదా ఆయన చేత్తోనే జెండా ఎగిరింది. ముప్ఫై రెండో జెండా రెండేళ్లుగా సంచిలోనే మడతపడి ఉంది.

రొట్టెల కొట్టు దగ్గర కనిపిస్తే ఓదార్చబోయాను. "ఆకాశం దాకా కడుతున్నారు మేస్త్రీ, గర్వంగా లేదూ?"

"ఆకాశం దాకా కట్టమన్నా కడతానండీ. ఎక్కడ ఆపాలో చెబితే చాలు," అన్నాడు. "ఎముక కట్టేద్దామా మేస్త్రీ అని మావాళ్లు రోజూ ప్రాణం తీస్తున్నారు. ఎక్కడ కట్టమంటారు? చివర అంటూ ఒకటి ఏడిస్తే కదా!"

జూన్ ఆఖరి వారం వచ్చింది. సోమవారం పొద్దున్నే నిబాల్దో ఆర్కిటెక్టు ఇసిదోరా దగ్గరికి వెళ్లాడు. పదకొండు ప్లాన్లూ గీసి గీసి అలసిపోయిన అమ్మాయి. జరిగింది ఆ అమ్మాయే నాకు చెప్పింది.

"మేడమ్, నాదొక చిన్న మార్పు."

"మీరు కూడానా మేస్త్రీ! నన్ను బతకనివ్వరా?"

"పైన మాంసం కాల్చే పొయ్యి. ఇటుకలది. దానికి నాలుగు మీటర్ల పొగగొట్టం."

"హెలిప్యాడ్ పక్కన పొగగొట్టమా? హెలికాప్టర్ ఎలా దిగుతుంది?"

"ఏ హెలికాప్టర్ మేడమ్?"

ఇసిదోరా పెన్సిల్ తీసింది.

మధ్యాహ్నానికి పన్నెండో ప్లాను సిద్ధం. భవనం మొత్తంలో ఎత్తైన భాగం పొగగొట్టం, దాని చివరి ఇటుకే ఇక ఆఖరి శ్లాబు కింద లెక్క. అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు: పొయ్యిని అప్పగించే ముందు ఎనభై మందికి సరిపడా మాంసంతో, యజమాని ఖర్చు మీద పరీక్షించవలెను.

ఉగార్తెగారు 'మార్పు' అన్న మాట చూశారు. ఇంకేమీ చూడలేదు. సంతకం పెట్టేశారు!

ఆయనకు కొత్త ఆలోచన రావడానికి వారం పడుతుంది. ఇటుకల గొట్టం లేవడానికి మూడు రోజులు చాలు. గురువారం సాయంత్రానికి ఆఖరి ఇటుక పడింది. శుక్రవారం మధ్యాహ్నం నిబాల్దో సంచి విప్పాడు. జెండా ఎగిరింది.

మాంసం కాలే వాసన నా కిటికీ దాకా వచ్చింది. పావుగంటలో నేను పైనున్నాను. ఆచారాల్ని దగ్గరుండి పరిశీలించడం నా బాధ్యత కదా!

ఒంటిగంటకి ఉగార్తెగారు కళ్లు మూసుకుని లిఫ్టులో పైకొచ్చారు. కళ్లు తెరిచారు. "ఏమిటిదంతా?"

"పరీక్ష సార్. మీరు సంతకం పెట్టిందే," అన్నాడు నిబాల్దో, చేతిలో పట్టకారుతో.

"అయిపోయిందా?"

"ఎక్కడ సార్! ఒక పక్కే కాలింది. రెండో పక్క తిప్పాలి."

ఎనభై మంది ఒక్కసారిగా నవ్వారు. ఉగార్తెగారు జెండా వంక చూశారు. కింద పోగవుతున్న ఎముకల వంక చూశారు. రొట్టె అందుకున్నారు.

సోమవారం పదమూడో ప్లాను వచ్చింది: పొగగొట్టం కొట్టెయ్యండి. కొట్టేశారు. కొట్టడానికి నిబాల్దో అక్కడ లేడు. రిటైరైపోయాడు.

కాబట్టి పాఠకులారా, ప్లాను మార్పుల్ని తిట్టకండి! పదమూడింట్లో ఒకటి కట్టినవాళ్లకి అన్నం పెట్టింది. ఉగార్తెగారు చదవకుండా సంతకం చేసింది అదొక్కటే.