ఒక్కసారే అరవాలి

ఒక పెద్ద అడవిలో జంతువులకు దాహం కన్నా అనుమానం ఎక్కువ. వాగుకు బయల్దేరిన ప్రతి ప్రాణీ ముందు మిట్ట మీదున్న తీతువు పిట్ట రేవమ్మ దగ్గర ఆగేది.

"రేవమ్మత్తా, వాగు దగ్గర పులి ఉందా?"

ఉందంటే వెనక్కి పోయి, కాసేపటికి మళ్లీ వచ్చి మళ్లీ అడిగేది. జవాబులు చెప్పడానికి రేవమ్మ లేచినప్పుడల్లా గూటిలో గుడ్లు చల్లబడిపోతున్నాయి.

చివరికి ఆమెకో ఉపాయం తోచింది. "పులి ఉన్నంతసేపూ నేనే ఆగి ఆగి అరుస్తాను. అరుపు వినబడకపోతే వచ్చి తాగండి. ఎవరూ అడగక్కర్లేదు."

ఇంత తేలికైన పనిని సమీక్ష లేకుండా మొదలుపెడితే అడవి పరువేం కావాలి? కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లయ్య. నిపుణుడు నెమలి, ఆయన జీవితంలో కాపలా కాయలేదు కాబట్టి నిష్పక్షపాతి.

"ఒకే కబురు పదిసార్లా?" నెమలి పింఛం విప్పాడు. "అందం లేదు. పైగా తీతువు అరుపు అపశకునం. పులి వచ్చినప్పుడు ఒక్కసారి అరువు. చాలు!"

"ఆ ఒక్కసారి వినబడనివాళ్ల గతేంటయ్యా?" అంది రేవమ్మ.

"వినకపోవడం వాళ్ల తప్పు," అన్నాడు భల్లయ్య. తీర్మానం ఆమోదం పొందింది.

మర్నాడు పొద్దున పులి వచ్చింది. రేవమ్మ ఒక్కసారి అరిచింది. ఆ సమయానికి భల్లయ్య తల చెదపుట్టలో ఉంది. కడుపు నిండాక, అడవి నిశ్శబ్దంగా ఉందని మురిసిపోతూ వాగువైపు నడిచాడు.

పులి ఇంకా వాగు దగ్గరే ఉండగా రేవమ్మ ఆయన్ని చూసింది. రూలు గుర్తొచ్చింది. అయినా గొంతు చించుకుని అరిచింది.

భల్లయ్య ఆగాడు. తల పైకెత్తాడు. "పొద్దున ఒకసారి అరిచే ఉంటావు కదా? రెండోసారి నిషేధమని తెలీదూ?" అని గద్దించి, ముందుకే నడిచాడు.

పిర్ర మీద పిడికెడు కండ పులికి వదిలి, ప్రాణంతో బయటపడ్డాడు.

విచారణకు ఆయనే అధ్యక్షుడు. నిలబడే నివేదిక చదివాడు: "కబురు సకాలంలో పంపబడింది. అందుకోవలసినవారు అందుబాటులో లేరు. పద్ధతిలో లోపం లేదు. నిబంధన మీరి అరిచినందుకు తీతువుకు సంజాయిషీ నోటీసు."

ఆకు మీద రాసిన ఆ నోటీసును రేవమ్మ శ్రద్ధగా చదివింది. గులకరాళ్ల గూటిలో గుడ్ల కింద మెత్తగా పరుచుకుని, పైన కూర్చుంది.

నీతి: పులి చేసిన గాయం మానుతుంది, కమిటీ చేసిన తీర్మానం మారదు.