పైనుంచి పాస్టరుగారి స్వరం

శనివారం పొద్దున కోకో తాగుతూ, గుడి పైకప్పు మీద లౌడ్‌స్పీకరు బిగించాలని పాస్టర్ ఎసెకియేలు నిశ్చయించుకున్నాడు. తాను వెనకగదిలో కూర్చుని మైకులో ప్రసంగిస్తే, గుడికి రాని బద్ధకస్తులక్కూడా వాక్యం వినక తప్పదని ఆయన ఎత్తు. సువార్త ప్రచారంలో ఆధునిక పద్ధతులంటూ రాజధాని ఆపియాలో జరిగిన శిక్షణకు వెళ్లొచ్చాక, సవాయి దీవిలోని ఆ ఊరి జనం ఆయన కంటికి మనుషుల్లా కాక శ్రోతల్లా కనిపిస్తున్నారు. సందేశం పొట్టిగా ఉండాలి, గుండెకు తగలాలి అని అక్కడ నేర్పారు. అలాగే రాశాడు: "రేపటినుంచి మీ పాస్టరు మీకు కనిపించరు. ఆయన స్వరం పైనుంచి వినిపిస్తుంది."

భార్య మోయెలాంగి చదివి, "ఎవరు పోయారండీ?" అంది.

"ప్రచారం గురించి నీకేం తెలుసు?" అంటూ దాన్ని ఊరందరి ఫోన్లకూ పంపేసి, తన ఫోను ఆపేసి, నిచ్చెనెక్కాడు. ఆవిడ బట్టల బుట్ట తీసుకుని ఊటబావికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆడవాళ్లు చావింటికి కానుకగా ఇచ్చే సన్నచాపలు మోసుకుంటూ, శోకాలు పెడుతూ వచ్చారు. మగవాళ్లు పందుల్ని కోసి రాళ్లపొయ్యిలో పెట్టారు. ఊరిపెద్ద లియావా గుడి ముందు నిలబడి, "అంత మంచి మనిషి మళ్లీ దొరకడు" అని కళ్లొత్తుకున్నాడు.

వెనకగదిలో వైర్లు కలుపుతున్న ఎసెకియేలు చెవికి ఏడుపులు మాత్రమే సోకాయి. ఆదివారం కూడా రానివాళ్లు శనివారమే వచ్చి పశ్చాత్తాపపడుతున్నారు! పొంగిపోయి మైకు అందుకున్నాడు. "ప్రియులారా, మీ ఏడుపు నాకు వినిపించింది. నేనిక్కడ సుఖంగా ఉన్నాను. త్వరలో మీరందరూ నా దగ్గరికే వస్తారు!"

జనం చాపలొదిలేసి పరుగందుకున్నారు. ఒక ముసలమ్మ మూర్ఛపోయింది. గోల విని పాస్టరు బయటికొచ్చేసరికి, నిలబడ్డవాళ్లు కూడా కూలబడ్డారు.

అప్పుడే తడిబట్టల బుట్టతో వచ్చిన మోయెలాంగి అందరినీ ఒకసారి చూసింది. "లేవండి, లేవండి. ఆయన చావలేదు. శిక్షణకెళ్లొచ్చారు, అంతే."

లియావా దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "పాస్టరుగారూ, ఇందాక మిమ్మల్ని పొగిడిందంతా వెనక్కి తీసుకుంటున్నాను."

"అంటే... మీరు నిజంగా అలా అనుకోలేదా?" అన్నాడు ఎసెకియేలు, నీరుగారిపోతూ.

"పోయినవాళ్ల గురించి నిజాలు మాట్లాడతామటండీ?"

ఆడవాళ్లు చాపలు చుట్టుకున్నారు. మాంసం ఉడికిపోయింది కాబట్టి విందు మాత్రం ఆగలేదు. పాస్టరుగారిని ఎవరూ పిలవలేదు.