విశ్వేశ్వర్ అన్న పటింగ్ సాధన

మా కార్పొరేటర్ విశ్వేశ్వర్ గారు ఉప్పుగూడలో మా గల్లీ మొదట్లో షామియానా వేయించి, మైకు పట్టుకుని ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"అక్కలారా, అన్నలారా. ఎలక్షన్ల లోపల నా పటింగ్ స్కిల్స్ ఇంప్రూవ్ చేసుకుంటనని మీ అందరి ముంగట మాటిస్తున్న."

మేం చప్పట్లు కొట్టాం. పటింగ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అయినా నాయకుడు ఇంప్రూవ్ అన్నాక చప్పట్లు కొట్టకపోతే మర్యాదగా ఉండదు.

తర్వాత ఆయనే వివరించారు. గోల్ఫ్‌లో బంతిని గుంత దగ్గరికి చేర్చాక మెల్లగా నెట్టి అందులో పడేయడాన్ని పటింగ్ అంటారట. మా గల్లీకి రావలసిన నల్లా పైపు మెయిన్ రోడ్డు మూల దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా ముక్కకు మంత్రిగారి సంతకం కావాలి. మంత్రిగారు ఆఫీసులో దొరకడం మానేసి చాలా కాలమైంది. గోల్ఫ్ మైదానంలో మాత్రం తప్పకుండా దొరుకుతారు, తనతో ఆడినవాళ్ల ఫైళ్ల మీదే సంతకం పెడతారు. అంటే మా దాహం తీర్చడానికి విశ్వేశ్వర్ గారు ఈ వయసులో నడుం వంచబోతున్నారు. తాతల నాటి నుంచి పప్పుల హోల్‌సేల్ చేస్తున్న ఆ కుటుంబంలో నడుం వంచిన మనిషి ఈయనే మొదటివాడు. నాకు కళ్లు చెమర్చాయి.

నాకంటే ఎక్కువ సంతోషించింది మా పక్కింటి నీలమ్మ. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. నీళ్ల ట్యాంకర్ కోసం నిలబడితే డ్యూటీకి లేటు, డ్యూటీకి పోతే ఇంట్లో బిందెలు ఖాళీ. ఇంకోసారి లేటైతే పనిలోకి రానక్కర్లేదని సూపర్‌వైజర్ ఖరాఖండిగా చెప్పేశాడు.

పార్టీ కార్యకర్త కృపాకర్ కోచ్‌గా నియమితుడయ్యాడు. ఫోన్లో గోల్ఫ్ వీడియోలు చూడటానికి సరిపడా డేటా ఉండటం అతని అర్హత. గల్లీ మధ్యలో చిన్న గుంత తవ్వి, పక్కన పార్టీ జెండా పాతి, సాధన మొదలుపెట్టించాడు.

"అన్నా, చూపు బంతి మీదనే ఉండాలె. తలకాయ అస్సలు కదపొద్దు."

"తల ఊపకుంట ఎట్లరా భాయ్? పార్టీల చేరినప్పటి సంది అదే పని గద."

మొదటి బంతి గుంతను తప్పించుకుని, మోరీ వైపు దొర్లి, ఒక స్కూటర్ చక్రం దగ్గర ఆగింది. విశ్వేశ్వర్ గారి మొహం చిన్నబోయింది. కృపాకర్ మాత్రం ఏమాత్రం తొణకలేదు.

"గుంత తప్పు జాగల తవ్వినమన్నా. మీ తప్పేం లేదు."

కుర్రాళ్లు గడ్డపార తెచ్చి, బంతి ఆగినచోటే ఇంకో గుంత తవ్వారు. బంతి అందులో పడింది. జిందాబాద్‌లు మిన్నంటాయి. ఆ రోజు నుంచి అదే పద్ధతి. బంతి ఎక్కడ ఆగితే అక్కడ గుంత. ప్రపంచంలో ఒక్క బంతి కూడా తప్పని ఆటగాడు మా వార్డులో తయారవుతుంటే నేను గర్వంతో కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

కొన్నాళ్లకు గల్లీలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ట్యాంకర్ లోపలికి రావడం మానేసి మెయిన్ రోడ్డు మీదే ఆగసాగింది. నీలమ్మ బిందెలు మోసుకుంటూ, గుంతలు తప్పించుకుంటూ వచ్చి విశ్వేశ్వర్ గారి ముందు ఆగింది.

"అన్నా, గిన్ని గుంతలు తవ్విన్రు గద. గా గుంతలల్లనే పైపు ఏస్తే అయిపోతుండె."

"అక్కా, ఇవి స్పోర్ట్స్ గుంతలు. పైపు గుంతలకు సాంక్షన్ వేరే ఉంటది. నువ్వు ఫికర్ చెయ్యకు, ఆదివారమే మంత్రిగారితోని మ్యాచ్."

ఆదివారం నీలమ్మను ప్రజల తరఫునా, నన్ను చప్పట్ల కోసమూ మైదానానికి తీసుకెళ్లారు. అబద్ధమెందుకు, అంత నున్నటి పచ్చికను చూసి నాకు కడుపు మండింది. దానికి పొద్దున్నా సాయంత్రం నీళ్లు పడతారట.

మంత్రిగారి బంతి గుంతకు మూరెడు దూరంలో ఆగింది. వెంటనే చుట్టూ ఉన్న అధికారులంతా "గిమ్మీ సర్, గిమ్మీ" అన్నారు. ఒకాయన వంగి బంతిని తీసి మంత్రిగారి చేతికిచ్చాడు.

"గిదేంది, పడలేదు గద?" అంది నీలమ్మ.

"గుంత దగ్గరికొస్తే పడ్డట్టే లెక్క. దాన్నే గిమ్మీ అంటరు. గీ ఆటల రివాజు గది," అని కృపాకర్ గొంతు తగ్గించి చెప్పాడు.

తర్వాత విశ్వేశ్వర్ గారు కొట్టారు. బంతి గుంతను దాటి, చాలా దూరం పోయి ఆగింది. ఆయన అలవాటుగా ఎవరైనా తవ్వుతారేమోనని అటూ ఇటూ చూశారు. కృపాకర్ తలదించుకున్నాడు. గడ్డపారను గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు తీసేసుకున్నారు మరి.

గెలిచిన మంత్రిగారు ప్రసన్నులయ్యారు. "బాగా ఆడారయ్యా. ఏం కావాలో చెప్పండి."

"మా గల్లీకి నల్లా పైపు సార్."

"ఎక్కడిదాకా వచ్చింది?"

"మెయిన్ రోడ్డు మూల దాకా వచ్చింది సార్. గల్లీలకే ఇంకా పడలేదు."

మంత్రిగారు చేతిలోని బంతిని చూసుకున్నారు. గుంతను చూశారు. ఆయన ముఖంలో ఒక వెలుగు కనిపించింది.

"మూల దాకా వచ్చిందంటే గిమ్మీయే కదయ్యా."

అధికారులు చప్పట్లు కొట్టారు. విశ్వేశ్వర్ గారూ కొట్టారు. పని పూర్తయినట్టు ఫైలు మీద అక్కడికక్కడే సంతకం అయిపోయింది. ఒక్క సంతకంతో ఇన్ని ఇళ్లకు నీళ్లిచ్చిన పాలకుణ్ణి నేను ఇంతకు ముందు చూడలేదు.

ఆ వారమే మూల మీద కొబ్బరికాయ కొట్టి, 'ఇంటింటికీ నల్లా' అని శిలాఫలకం పెట్టారు. నీళ్లు వచ్చేశాయి కాబట్టి ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తే చాలన్నారు. ఆ రద్దీలో నిలబడి నీలమ్మకు మళ్లీ లేటైంది, ఆసుపత్రి వాళ్లు ఆమెను మానిపించారు. పాపం, చాలా బాధేసింది. ఇప్పుడు ట్యాంకర్ దగ్గర నిలబడటానికి ఆమెకు బోలెడంత తీరిక.

ఎలక్షన్లు రానే వచ్చాయి. పోలింగ్ జరిగే బడి బయట విశ్వేశ్వర్ గారు చేతులు జోడించి నిలబడ్డారు. మా గల్లీ వాళ్లంతా వరసగా, క్రమశిక్షణతో వచ్చారు. అందరికంటే ముందు నీలమ్మ. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి పోకుండానే వెనక్కి తిరిగింది. ఆమె వెనకే అందరూ తిరిగారు.

విశ్వేశ్వర్ గారు కంగారుగా ఎదురొచ్చారు. "అక్కా, ఓటెయ్యకుంట పోతున్నవేంది?"

"గేటు దాంక వచ్చినం గదన్నా. పడ్డట్టే," అని నీలమ్మ ఇంటిదారి పట్టింది.