భయపడే మనిషి కావలెను

ఆ ఉదయం తల్లి వేసుకున్న పథకం చిన్నదే. కూతురిని తొమ్మిదింటి బస్సు ఎక్కించాలి, తర్వాత దుప్పట్లు ఉతకాలి. నర్సింగు రెండో ఏడు చదువుతున్న ఆ పిల్ల బూట్లు తొడుక్కుంటూ ఒక మాట అనేసింది.

"ఈ నెల మాకు పాఠాలు చెప్పరమ్మా. ఎవరికి రానిది వాళ్ళే కాగితం మీద రాసుకుని, వాళ్ళే నేర్చుకుని మేడమ్‌కి చూపించాలి. ఎదుటి మనిషి భయపడితే నాకూ చేతులు వణుకుతాయి కదా, బీపీ రెండుసార్లు తప్పు చదివాను. ఇవాళా తప్పితే వార్డుకి పంపరు."

"పంపకపోతే?"

"పంపరంతే!" బస్సు హారను వినబడగానే పిల్ల పరుగెత్తింది.

తల్లి మెట్ల మీద కూలబడింది. వార్డుకి పంపకపోతే ఇంకెక్కడికి పంపుతారు? ఇంటికే. పాఠాలు మానేశారంటే సగం పంపేసినట్టే. వెంటనే భర్తకు ఫోన్ చేసింది. ఆయన దర్జీ.

"ఏమండీ, కాలేజీలో పిల్లకి చదువు చెప్పడం మానేశారట!"

"ఆఁ? కాలేజీ మూసేశారా?" కుట్టుమిషను చప్పుడులో ఆయనకు అంతే వినబడింది. "నువ్వు కదలకు, నేను వెళ్తున్నా."

కదలకుండా ఉండటం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. ఇద్దరూ ఒకేసారి కాలేజీ గేటు దగ్గర తేలారు. ఆయన మెడలో టేపు అలాగే వేలాడుతోంది. దాన్ని చూసి వాచ్‌మన్ ముఖం వికసించింది.

"యూనిఫాం కొలతలకేగా? వారం నుంచి ఎదురుచూస్తున్నాం, రండి రండి!"

"అది కాదయ్యా, నేను మా అమ్మాయి కోసం..."

"మీ అమ్మాయి కొలతలూ తీసుకోండి, ఎవరొద్దన్నారు?"

నిమిషంలో వరండా నిండా పిల్లలు వరస కట్టారు. తల్లి ఆ వరస చూసింది. "అయ్యో, ఇంతమందిని పంపేస్తున్నారా!" అంటూ మేడమ్ గదిలోకి దూసుకెళ్ళింది. అక్కడ కూతురు బీపీ మిషను పట్టుకుని, పరీక్షకు మనిషి కోసం చూస్తోంది.

"మేడమ్ గారూ, మా పిల్లని..." అంటూనే కళ్ళు తిరిగి కుర్చీలో వాలిపోయింది.

మేడమ్ లేవబోయి, ఆగి, కూతురి వైపు చూసింది. "నువ్వే చూడు."

పిల్ల చేతులు వణికాయి. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. తల్లి చేతికి పట్టీ చుట్టింది.

"అమ్మా, చెయ్యి బిగించకు. మాట్లాడకు."

"మాట్లాడకుండా ఎలాగే, నిన్ను పంపేస్తుంటే?"

"ఎవరూ పంపట్లేదు. నా వైపు చూడు. నెమ్మదిగా ఊపిరి తీసుకో." ఈసారి ఆ గొంతులో వణుకు లేదు. "నూట యాభై రెండు, తొంభై ఆరు మేడమ్. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తాను."

మేడమ్ తనూ చూసింది. అంకెలు కలిశాయి. పావుగంట తర్వాత బీపీ దిగింది. మేడమ్ కాగితం మీద సంతకం పెట్టింది.

"మీ అమ్మాయి రేపట్నుంచి వార్డుకి వెళ్తుందమ్మా. మీరు మాత్రం రేపు ఇక్కడికి రావాలి. ఇంకా ఇరవై మంది ఇదే రాసుకున్నారు, వాళ్ళకి భయపడే మనిషి దొరకలేదు."

తల్లి సరేనని తలూపింది గానీ, రేపటికి భయం తగ్గిపోతే ఆ ఇరవై మంది చదువులు ఏమైపోతాయోనని ఆమెకు అప్పుడే బెంగ పట్టుకుంది.