శనివారం మాత్ర

ఆ శనివారం ఉదయం మునిరత్నమ్మ పెట్టుకున్న పనులు రెండే. పన్నెండులోగా వంట ముగించడం, ఒక్కపొద్దు ఉన్న భర్త కోదండం భోంచేయగానే వారానికొక్కటి వేసుకోవలసిన డి విటమిన్ మాత్ర గుర్తుచేయడం. ఏ రోజైనా పరవాలేదని డాక్టరు చెప్పాడు. ఏడుకొండలవాడి రోజైతే మందు బాగా పనిచేస్తుందని శనివారాన్ని ఖాయం చేసింది ఆమే.

మునిరత్నమ్మ బడికి పోలేదు. భర్త కండక్టరుగా తిరిగిన బస్సుల బోర్డులు చూసి చదువు నేర్చుకుంది. పొట్లం కట్టిన కాగితాన్నైనా చదవకుండా పారేయదు. నిన్న ఏబెల్ అంగడి నుంచి వచ్చిన బోండాల కాగితాన్ని పొయ్యి పక్కన సాపు చేసుకుని చదివింది.

'విటమిన్లు బలం ఇవ్వడమే కాదు, కణాల్లోకి వెళ్లి జన్యువుల మీటలు నొక్కుతాయి. కొన్నిటిని మేల్కొలుపుతాయి, కొన్నిటిని నిద్రపుచ్చుతాయి. ముఖ్యంగా డి విటమిన్. వంశంలో వచ్చే జబ్బుల జన్యువులు కూడా...'

అక్కడికి కాగితం చినిగిపోయింది.

ఆమె చేతిలో గరిటె ఆగింది. కోదండం నాయన అరవై ఎనిమిదో ఏట గుండె ఆగి పోయాడు. అన్న కూడా అదే వయసులో. కోదండానికి ఇప్పుడు అరవై ఎనిమిది. అతని ఒంట్లో నిద్రపోతున్నదాన్ని రెండు నెలలుగా తానే వారం వారం తట్టి లేపుతోందా? తల్లిని, తమ్ముణ్ణి, పురిటిబిడ్డను సాగనంపిన మనిషి ఆమె. ఇంకొకరిని పంపే శక్తి లేదు.

మాత్రలు కోదండం చొక్కా జేబులోనే ఉంటాయి. అడిగితే ఎందుకంటాడు. చెబితే, నోటితో అన్నది ఎక్కడ నిజమౌతుందోనని భయం. గడియారం పదిన్నర చూపిస్తోంది. పన్నెండులోగా మిగతా సగం చదివి తీరాలి. పొయ్యి ఆర్పి పరుగెత్తింది.

"ఏబెల్, నిన్న మాకు బోండాలు కట్టిన కాగితం రెండో ముక్క యాడ?"

"బోండాలు బాగలేదంటే చెప్పు పెద్దమ్మా. కాగితం బాగలేదంటే నేనేం చేసేది?"

"ఎగతాళి చాలించు! ఆయన ప్రాణం మీదికి వచ్చుండాది!"

ఏబెల్ ముఖం మాడింది. "మీ వెనకాలే కోర్టు కాడ టైపు కొట్టే మునికుమార్ కట్టించుకోని పోయినాడు."

ఆమె అటు కదలగానే ఏబెల్ నూనె డబ్బా మూత తీసి వాసన చూశాడు. ఏమీ తేలక కోదండానికి ఫోన్ చేశాడు. "పెద్దనాయనా, కడుపులో ఎట్టుండాది?"

అంతవరకూ కోదండానికి కడుపు సంగతే గుర్తులేదు.

కోర్టు ముందు మునిరత్నమ్మ రొప్పుతూ నిలబడింది. "అబ్బీ, నిన్న బోండాలు తింటివా?"

"నాలుగు తింటి. ఏంది అత్తా?"

"ఆ కాగితం యాడ? చప్పున చెప్పు! అవతల మా ఇంటాయన..." మాట ముగించకుండానే బల్ల మీది కాగితాలు కెలకసాగింది.

మునికుమార్ టైపు ఆపాడు. అప్పటిదాకా లేని నొప్పి అప్పుడే మొదలైంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో బల్ల కింది చెత్తబుట్ట చూపించాడు.

ఆటోలో కూర్చుని, జిడ్డు మరకల మధ్య నుంచి ఆమె కూడబలుక్కుని చదివింది. '...అదుపులో ఉండటానికి తగినంత విటమిన్ తోడ్పడవచ్చని పరిశోధకుల అభిప్రాయం. లోపం మంచిది కాదు, మోతాదు మించడమూ మంచిది కాదు. డాక్టరు రాసిన మాత్రలు సొంతంగా మానరాదు.'

ఇందాక వేసుకుంటాడేమోనని భయం. ఇప్పుడు వేసుకోలేదేమోనని. పన్నెండుంబావు అయింది.

ఇంటి ముందు వీధి వీధంతా ఉంది. పక్కింటి లీలావతి కోదండాన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఉప్పునీళ్లు తాగిస్తోంది. "కక్కెయ్ అన్నా, కక్కెయ్! ఇంకొక్క లోటా!" ఏబెల్ చేతులు జోడించి పక్కనే నిలబడ్డాడు. వెనక ఆటోలో మునికుమార్ కూడా దిగాడు, తనకూ ఒక లోటా కావాలని.

"బోండాలో ఏముండాదో చెప్పి నన్ను చావనీయే!" అన్నాడు కోదండం.

"బోండాలో పిండే ఉండాది! మాత్ర ఏసుకుంటివా లేదా?"

కోదండం నీళ్లు నమిలాడు. ఈసారి ఉప్పునీళ్లు కావు.

"అది కాదు... ఆ మాత్ర మీది తొడుగు గొడ్ల ఎముకలతో చేస్తారంట. శనివారం స్వామికి ఒక్కపొద్దు ఉండి అదెట్లా మింగేది? వద్దంటే నువ్వు ఏడుస్తావు."

లోపలికి వెళ్లి పాత కండక్టరు సంచి తెచ్చి ఆమె ఒడిలో బోర్లించాడు. "ఎనిమిది వారాలు, ఎనిమిది మాత్రలు. ఒక్కటి తగ్గలేదు, సూసుకో."

మునిరత్నమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు ముందొచ్చింది. "అయితే నేను లేపింది ఎవుర్నీ లేదు!" అంది. ఎవరిని లేపడమో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు.

ఫోన్లో డాక్టరు విషయమంతా విని, ఎనిమిదీ కలిపి మింగించవద్దని రెండుసార్లు చెప్పి, వారానికొకటి చొప్పున కొత్తగా మొదలుపెట్టమన్నాడు.

మర్నాడు ఆదివారం. భర్త గొంతు కదిలి మాత్ర దిగేదాకా మునిరత్నమ్మ కన్నార్పకుండా చూసింది. కోడికూర మీద మింగాడు కాబట్టి, తొడుగు దేనితో చేశారని కోదండం అడగలేదు.