వెతకనవసరం లేని మాటలు

గ్రంథాలయాలకు కంప్యూటర్లు పెట్టించిన పెద్దలారా, మా జిల్లాలో నాపరాయి కూలీలందరూ ఒక్క సోమవారం నాడు కనబడకుండా పోయారంటే అది మీ చేతి పనే. దేవుడి మీదికి తోసెయ్యకండి.

జరిగింది చాలా మామూలుగా జరిగింది. జిల్లా కేంద్ర గ్రంథాలయంలోని పుస్తకాల పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. కావలసిన పుస్తకం గురించి నాలుగు మాటలు కొడితే, యంత్రం వాటిని విడివిడిగా చూసి, అక్కర్లేనివి పారేసి, మిగిలిన వాటితో వెతుకుతుంది. అక్కర్లేనివంటే 'ఒక', 'మరియు', 'గురించి' లాంటివి. ఎక్కడపడితే అక్కడ ఉండే మాటని పట్టుకుని వెతికితే బీరువాలన్నీ మీద పడతాయి కదా. ఇంతవరకు సబబే. ఆ మాటల్ని మనిషి కూర్చుని ఏరాలి. కంప్యూటర్లు పెట్టిన కంపెనీ వాళ్ళకి తీరిక లేదు. ఏవి ఎక్కువసార్లు వస్తే వాటిని నువ్వే పారేసుకో అని యంత్రానికి చెప్పి వెళ్ళిపోయారు. యంత్రం లెక్కపెట్టింది. ఈ జిల్లా మీద వచ్చిన పుస్తకాల పేర్లలో 'ఒక' కంటే 'కూలీ' ఎక్కువగా ఉంది. 'మరియు' కంటే 'దుమ్ము', 'జబ్బు' ఎక్కువగా ఉన్నాయి. 'కరువు' సంగతి చెప్పనే అక్కర్లేదు. యంత్రం అన్నిటినీ పారేసింది. మధ్యాహ్నానికల్లా కూలీలు కనబడటం మానేశారు.

పాలిష్ ఫ్యాక్టరీలు ఒక్క గంట కూడా ఆగలేదు. బండలు వాటంతట అవే లేచి మిషన్ కిందికి వెళ్ళి, నున్నగా బయటికొచ్చి, లారీల్లోకి ఎక్కాయి. యజమానులు మొదటిరోజు జడుసుకున్నారు. మర్నాడు లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి షెడ్డంతా తిరిగి, మాస్కు లేదని రాయడానికి ఒక్క ముఖమూ కనబడక, అంతా సక్రమంగా ఉందని సంతకం పెట్టాక వాళ్ళకి ధైర్యం వచ్చింది. ఊరూ అలవాటు పడింది. టీ కొట్టు దగ్గర గ్లాసు గాల్లోకి లేచి ఖాళీ అయితే, కొట్టాయన ఆ గ్లాసుని విడిగా కడిగి విడిగా బోర్లించాడు.

సుంకులమ్మ కూడా నాపరాయి కూలీయే. ఆమె భర్త హుస్సేనప్ప ఇరవయ్యేళ్ళు బండలు పాలిష్ పట్టాడు. ఇప్పుడు పెద్దాసుపత్రి టీబీ వార్డులో ఊపిరందక పడి ఉన్నాడు. ఇది టీబీ కాదు, రాతిదుమ్ము జబ్బు, ఆక్సిజన్ ఉన్న వార్డుకి మార్చండని ఆమె, ఇంకా కనబడుతున్న రోజుల్లోనే, డాక్టరు కాళ్ళావేళ్ళా పడింది. "ఈ జిల్లాలో అలాంటి జబ్బుందని ఎక్కడ రాసుంది? తెచ్చి చూపించు, ఈ క్షణమే మారుస్తా" అన్నాడాయన. అలా రాసిన పుస్తకం ఒకటి గ్రంథాలయంలో ఉందని కార్మిక సంఘం వాళ్ళు చెప్పారు. ఆమె అక్కడికి చేరేసరికి ఆ సోమవారం వచ్చేసింది.

కౌంటర్ వెనక మస్తానయ్య ఉన్నాడు. కాంట్రాక్టు ఉద్యోగి. 'కాంట్రాక్టు' అనే మాట యంత్రం గీసుకున్న గీత మీద అటూ ఇటూ కాకుండా ఆగింది కాబట్టి ఆయన నడుము పైభాగం మాత్రమే జనానికి కనబడుతుంది. కౌంటర్ ఉద్యోగానికి అది చాలు. సగం అటువైపు మనిషి కావడంతో ఆయనకి కూలీలు కనబడతారు, వాళ్ళ మాట వినబడుతుంది.

"మస్తానన్నా, ఇంగొకసారి కొట్టి చూడు. నీకు పున్నెముంటాది."

"ఎన్నిసార్లు కొట్టేది మ్మా? 'రాయి కూలీల దుమ్ము జబ్బు' అని కొడితే కూలీలను పారేస్తాంది, దుమ్మును పారేస్తాంది, జబ్బును గూడా పారేస్తాంది. మిగిలేది రాయి. రాయికి ఏమొస్తాది? ఏ నక్షత్రమోళ్ళు ఏ రాయి ఉంగరం పెట్టుకోవాల, అదొస్తాది."

"నాకెందుకన్నా ఉంగరాలు! నువ్వే బీరువాలు ఎతకరాదా?"

"పుస్తకాలన్నీ యంత్రం ఇచ్చిన నంబర్ల లెక్కన సర్దేసినారు తల్లీ. నంబరు తెలీకుండా ఎతికితే నేను రిటైరయ్యే దాకా ఎతకాల."

"కాంట్రాక్టోనికి రిటైర్మెంటు యాడిదన్నా?"

"అదే మ్మా నేను చెప్తాండేది."

మస్తానయ్య ఫిర్యాదు పెట్టాడు. కంపెనీ నుంచి కిరీటి అనే ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. చెడ్డవాడైతే ఈ గొడవ తేలిగ్గా తెమిలిపోయేది. ఆయన 'వంటలు' కొట్టాడు, 'యోగా' కొట్టాడు, 'పోటీ పరీక్షలు' కొట్టాడు. అన్నీ దొరికాయి. కంపెనీలో పరీక్షలు తయారుచేసే పద్ధతి ఏమిటంటే, ముందు యంత్రాన్ని వెతకమంటారు, అది ఏది చూపిస్తే దాన్నే 'రావలసిన ఫలితం' అని రాసుకుంటారు. కాబట్టి యంత్రం ఇంతవరకు ఎన్నడూ తప్పలేదు.

"అన్నీ పాసయ్యాయండీ మస్తానయ్య గారూ. తప్పెక్కడుంది?"

"మీ పక్కన కుర్చీలో కూసోనుండాది సార్. సుంకులమ్మ అని."

కిరీటి ఖాళీ కుర్చీ వంక చూశాడు. "మనిషి కనబడకుండా ఫిర్యాదు ముందుకి పోదండీ."

"కనపడకపోవడమే సార్ ఫిర్యాదు."

"ఈయప్పకు చెవులు గూడా లేవా అన్నా?" అంది సుంకులమ్మ.

"నీ మాట ఆయనకు ఇనపడదు మ్మా."

"అట్నా? చెయ్యన్నా తగులుతాదేమో చూస్తా" అని ఆమె కిరీటి మణికట్టు పట్టుకుంది.

కిరీటి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. తన చేతి మీద ఎవరివో వేళ్ళు. వేడిగా, కాయలు కాసి, గట్టిగా. చూస్తే ఏమీ లేదు. తర్వాత, కంపెనీని అడక్కుండానే, మాటల్ని పారేసే నియమాన్ని తీసేసి మీట నొక్కాడు.

చదువుకునే హాలు నిండిపోయింది. బెంచీల మీద, కిటికీ గూళ్ళలో, బీరువాల సందుల్లో, నేల మీద మనుషులు. తలల నిండా తెల్లటి పొడి. చేతుల్లో ఎక్స్‌రే కవర్లు. అన్ని గొంతుల దగ్గూ ఒక్కసారిగా వినబడింది. కిరీటి కుర్చీతో సహా గోడ దాకా జరిగిపోయాడు.

"వీళ్ళంతా ఎప్పుడొచ్చారు?"

"సోమవారం నుంచి ఈడనే ఉండారు సార్. అందరికీ ఆ పుస్తకమే కావాల. పొద్దున మీరు టిఫిన్ డబ్బా పెట్టినారే, అది బెంచీ గాదు, ఒగాయన ఒడి."

తెర మీద పుస్తకం నంబరు వచ్చింది. మస్తానయ్య పూర్తి కాళ్ళతో పరిగెత్తి, దాన్ని లాక్కొచ్చి సుంకులమ్మ చేతిలో పెట్టాడు. ఈలోగా కంపెనీలో పరీక్షలన్నీ తప్పి, తెరల మీద ఎర్రబడ్డాయి. మేనేజరు ఫోన్ చేశాడు.

"కిరీటీ, ఏం కెలికావ్? రాయి దగ్గర ఉంగరాలు రావాలి, ఇంకేదో వస్తోంది!"

"సార్, ఇక్కడ మనుషులున్నారు సార్. హాలు నిండా..."

"ఉంటే ఉండనీ. రావలసిన ఫలితంలో ఉన్నారా?"

కిరీటి చూశాడు. లేరు. నియమాన్ని తిరిగి పెట్టేశాడు. హాలు ఖాళీ అయింది. పరీక్షలు పచ్చబడ్డాయి. ఆయన తన టిఫిన్ డబ్బా తీసుకుని, దాన్ని ఇంతసేపు మోసిన గాలికి ఓసారి చెయ్యెత్తి దణ్ణం పెట్టి, బస్టాండుకి వెళ్ళిపోయాడు.

సుంకులమ్మ పుస్తకంతో పెద్దాసుపత్రికి పరిగెత్తింది. దాని పేరులో కూలీ ఉంది, దుమ్ము ఉంది, కాబట్టి అదీ ఆమెతోపాటే కనబడకుండా పోయింది. డాక్టరు ముఖం ముందు పేజీ తెరిచి పట్టుకుంది. ఫ్యాన్ గాలి ఎక్కువైందని ఆయన దాన్ని తగ్గించమన్నాడు. టీబీ వార్డులో హుస్సేనప్ప మంచం ఖాళీగా కనబడటంతో దాని మీద అప్పటికే ఒక బట్టలకొట్టు గుమాస్తాని పడుకోబెట్టారు. మంచానికి ఇద్దరు ఆ వార్డులో ఎప్పుడూ ఉన్నదే.

"పరుపు కదుల్తాంది సార్" అన్నాడు గుమాస్తా. "కింద ఎవరో ఊపిరి తీస్తాండారు."

"ఒకట్రెండు రోజులే. తర్వాత ఆగిపోతుంది" అన్నాడు డాక్టరు, పక్క మంచం దగ్గరికి వెళుతూ.

మా జిల్లాని దుమ్ము జబ్బు లేని జిల్లాగా ప్రకటించడం కూడా అయిపోయింది. ఆ ప్రకటన చేసిన సభకి కుర్చీలు మోసింది ఎవరో ఎవరూ చూడలేదు.

ఇక వినండి. ఆ నియమం ఇవ్వాళే తీసెయ్యండి. రావలసిన ఫలితం ఏమిటో యంత్రాన్ని అడిగి కాదు, ఆ హాల్లో కూర్చున్నవాళ్ళని అడిగి రాయండి. పరీక్షలు ఎర్రబడితే పడనివ్వండి. కానీ అంతకంటే ముందు, ఇది చదవడం ఆపి, వార్డుకి ఫోన్ చెయ్యండి. ఆ మంచం మీద ఉన్న గుమాస్తాని లేపమనండి. సుంకులమ్మ రెండు చేతులతో ఆయన్ని పక్కకి నెడుతోంది, ఒక్కదానివల్ల కావడం లేదు. కింద హుస్సేనప్ప ఇంకా ఊపిరి తీస్తున్నాడు.